నకలు

పదకొండేళ్ళుగా పారిస్ కార్నర్‌లో,
హైకోర్టు గోడకి ఎదురు వరసలో,
ఆ పచ్చ వెలుతురు మీద నా చేతులు.
ఎవరి విడాకులో, ఎవరి జామీనో,
ఎవరి ప్రహరీ ఎన్ని అంగుళాలు జరిగిందో
వేడివేడిగా బయటికొచ్చి పడేవి.
చదివేదాన్ని కాదు.
లీగల్ సైజా, ఏ-ఫోరా,
ఒకవైపా, రెండువైపులా, అంతే.

గుమాస్తాలు హడావిడిలో
మూల మడిచిన కాగితం మడిచినట్టే ఇచ్చేవాళ్ళు.
ఆ మడత కింది మాట నల్లగా పోయేది.
ఆ ఒక్క మాటకి ఎవరి ఇల్లు పోయిందో
నాకేం తెలుసు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి నాకు క్లాసు.
పులియాంతోపు, బోర్డు ఇళ్ళు, ఏడో అంతస్తు.
పనిచెయ్యని లిఫ్టు పక్కన, మెట్లమీద మాత్రమే
సిగ్నలు నిలబడుతుంది.
మేడం ఇంగ్లీషులో చెప్తుంది,
నేను అరవంలో రాసుకుంటాను,
అర్థం మాత్రం తెలుగులోనే అవుతుంది,
అదీ పక్కన మాయమ్మ కూచుంటేనే.
"అడ్జర్న్‌మెంటంటే ఏంది మే?"
ఇవాళ కాదు, ఇంకోరోజు రమ్మనడం అన్నాను.
"ఓ, వాయిదానా," అంది తేలిగ్గా.
తాత ఎకరం నెల్లూరు కోర్టులో
వాయిదా వాయిదాకి గట్టు గట్టుగా కరిగిపోయిందంట.
ఈ ఫోను కూడా వాయిదాల్లో కొన్నదే.
ఇంకా నాలుగున్నాయి.

ఫీజు మా తమ్ముడి కార్డు మీద కట్టాం.
అందుకని తెరమీద నేను దినకర్.
"మిస్టర్ దినకర్, కాగ్నిజబుల్ అంటే?"
మైకు తెరిస్తే కింది అంతస్తు తగువు
నాకంటే ముందు జవాబు చెప్తుంది.
టైపు చేస్తాను. "కరెక్ట్, దినకర్."
మూడు నెలలు మగవాడిగా పాసయ్యాను.

సర్టిఫికెట్టు కూడా వాడి పేరు మీదే వస్తుందని
అప్పుడు తట్టింది.
పేరు మార్చాలంటే అఫిడవిట్టు కావాలన్నారు.
ఆ వారం హోంవర్కూ అఫిడవిట్టే,
ఎవరో ఊహించుకున్న మనిషి తరఫున.
నేను ఊహించుకోలేదు.

పెంచలమ్మ కూతురు సుకుమారి అను నేను
ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా
అని మాయమ్మకి తెలుగులో చదివి వినిపిస్తే
"ఏమనగా" దగ్గర ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.
పెళ్ళి పత్రిక చదువుతున్నట్టుందంట.

నూటికి యాభై నాలుగు.
పక్కన ఎర్ర అక్షరాల్లో:
నాలుగో పేరా సాక్ష్యం కాదు, బాధ. తీసెయ్యండి.

తీసేశాను. మేడం చెప్పింది నిజమే.
కోర్టుకి పనికిరాదు గనక ఇక్కడ ఉంచుతున్నా:

*నాలుగు. మా తల్లి ఇరవై తొమ్మిదేళ్ళు
ఈ ఊరి చెత్త ఎత్తింది.
కాంట్రాక్టరు పుస్తకంలో ఆమె పెంజలమ్మ.
రేషన్ కార్డులో పెన్సలమ్మ.
ఆస్పత్రి చీటీలో పంజాలమ్మ, మగ.
పీఎఫ్ ఆఫీసులో ముగ్గురినీ వేరువేరుగా రమ్మన్నారు.
ఆమె ఒక్కతే వెళ్ళింది.*

స్టాంపు కాగితం మీద మిగిలిన పేరాలు కొట్టించి
నోటరీ ముద్ర తడి ఆరకముందే
మా కొట్టుకే తెచ్చాను.
మూల మడత పడి ఉంది.
గోటితో విప్పి, అరచేత్తో రుద్ది,
అద్దం మీద బోర్లా పెట్టాను.
వెలుతురు కింద నించి మెల్లగా పాక్కుంటూ
నా పేరు దాటింది, మాయమ్మ పేరు దాటింది.
మూడు నకళ్ళు.
అసలు ఇంకా అద్దం మీదే ఉంది.
మళ్ళీ తీసి, ఈసారి చదివాను,
ఒత్తులతో సహా.

రజబ్ భాయ్ గల్లాపెట్టె దగ్గర నించి
తల ఎత్తకుండా అన్నాడు:
"స్టాఫ్ అయినా ఆరు రూపాయలే సుకుమారీ,
రెండువైపులా కదా."